ఇశ్రాయేలును కూడా అడిగాడమ్మా

జురాంగ్ వెస్ట్, ఆదివారం సాయంత్రం

అమ్మకు,

ప్రభువు పేరట నీ అర్పణ వందనాలు. నేను బాగున్నాను. నీ మోకాలు ఎలా ఉంది? వేడినీళ్ళ కాపడం పెడుతున్నావా, లేక ఎప్పటిలాగే సంచీ భుజాన వేసుకుని పేటపేటా వాక్యం చెప్పుకుంటూ తిరుగుతున్నావా? నువ్వు ఈ వారం ఏ వీధికి వెళ్తావో ఇక్కణ్ణించి కూడా చెప్పగలను. నాన్న పొగాకు గ్రేడింగు నుంచి వచ్చాక ఇంకా దగ్గుతున్నాడా? ముక్కుకి గుడ్డ కట్టుకోమని నా మాటగా చెప్పు. తమ్ముణ్ణి పరీక్షలయ్యేదాకా క్రికెట్టు కట్టిపెట్టమను. నా గురించి దిగులు పెట్టుకోకు. వేళకి తింటున్నాను, బాగానే ఉన్నాను.

మొన్న ఫోనులో "ఏంటే, గొంతట్టా ఉంది" అన్నావు. ఏం లేదన్నాను. ఇక్కడ ఫోను హాల్లో ఉంటుంది, హాల్లో అందరూ ఉంటారు. అక్కడేమో నువ్వు పాస్టరుగారింట్లో నిలబడి మాట్లాడతావు. మనిద్దరం మాట్లాడుకోవాలంటే రెండు సంఘాలు సాక్ష్యం కూర్చోవాలి. అందుకని రాస్తున్నాను. ఇది చదివేటప్పుడు ఎవరినీ పక్కన కూర్చోబెట్టుకోకు.

ముందు ఇక్కడి సంగతులు. వానలు రోజూ మధ్యాహ్నం డ్యూటీకి వచ్చినట్టు వచ్చి, గంట కురిసి పోతాయి. ఎండాకాలం, చలికాలం అని లేదు. ఏ నెలైనా ఒకే నెల. నేనుండేది దీవికి ఈ కొస, ఆఫీసు ఆ కొస. పొద్దున్నే రైలెక్కితే చాంగీ బిజినెస్ పార్కు చేరేసరికి ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఒక నిద్ర తీసి లేస్తారు. బ్యాంకుల లెక్కలు చూసే ప్రోగ్రాములు రాస్తాం. మా ఫ్లోరులో సగం మంది మనవాళ్ళే. తెలుగులో గొడవపడి ఇంగ్లీషులో రాజీపడతారు. నా పక్క సీటు చైనీసు అమ్మాయి, "నువ్వు ఇండియనువేనా, బొట్టు లేదు, గాజులు లేవు" అంది. మా ఇంట్లో పెట్టుకోరు అని చెప్పాను. "ఎవరు వద్దన్నారు?" అంది. ఆ ప్రశ్నకి జవాబు ఎంత పొడుగో చెప్పబోయి, లంచి టైము అయిపోతుందని మానుకున్నాను.

యోహాను అంకులు, సలోమి ఆంటీ బాగా చూసుకుంటున్నారు. ఉద్యోగం చెప్పి ఇప్పించింది అంకులే, విమానం దిగిన రోజు ఎదురొచ్చింది ఆయనే, తను ప్రార్థన చేసుకునే గది ఖాళీ చేసి వాళ్ళమ్మాయి షారన్‌తో పాటు నన్ను ఉంచింది ఆయనే. ఆదివారం ఆరాధన కూడా ఈ హాల్లోనే, సోఫాలు జరిపి. ఆయన చెడ్డవాడై ఉంటే నాకు ఎంత సులువుగా ఉండేదో! మంచివాడమ్మా. ఆ మంచితనం నాలుగు గోడల్లా నా చుట్టూ ఉంది. ఎటు కదిలినా కృతజ్ఞత లేనిదాన్ని అవుతాను.

సంగతి ఏమిటంటే, కొత్త సంవత్సరం మొదటి ఆదివారం మన దగ్గరలాగే ఇక్కడా పళ్ళెంలో ఒక్కో వాక్యం అచ్చేసిన వాగ్దానం కార్డులు తిప్పారు. కళ్ళు మూసుకుని ఒకటి తీశాను. లోకంలోని జనాలన్నిటిలో దేవుడు ఇశ్రాయేలును తన సొంత ప్రజగా ఏర్పరచుకున్నాడన్న మాట వచ్చింది. బిగ్గరగా చదవమన్నారు, చదివాను. అంకులు లేచి నిలబడ్డాడు.

"చూశారా! నేను నెల రోజులుగా గుర్తు అడుగుతున్నాను. ఇదిగో గుర్తు. తల్లి కడుపులోనే ప్రతిష్ఠించిన బిడ్డ. మా దానియేలు సేవకి దేవుడు ఏర్పరచిన తోడు ఈ అమ్మాయే!"

అందరూ స్తోత్రం అన్నారు. పళ్ళెం పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

దానియేలు గారంటే అంకులు మేనల్లుడు. క్రాంజీ వైపు పనివాళ్ళు ఉండే బారకాసుల్లో వాక్యం చెబుతుంటాడు. మన జిల్లాల కుర్రాళ్ళే ఎక్కువ అక్కడ. నేను ఉద్యోగం మానేసి ఆయనతో సేవలో ఉండాలట. ఈస్టరుకి అంకులు ఇండియా వస్తున్నాడు. మనింటికి వచ్చి పెళ్ళి ప్రధానానికి నీ దగ్గర మాట తీసుకుంటానని అందరితో చెబుతున్నాడు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. కార్డు చదివాను కదా, ఇంక అడిగేదేముంది అన్నట్టు ఉన్నారు.

అమ్మా, ఆ మాట ఎవరితో చెప్పింది? ఐగుప్తులో ఇటుకలు చేసి, ఎడారిలో పడి నడుస్తున్న ఒక జనంతో. మీరు ఎక్కువమంది అని కాదు, గొప్పవాళ్ళని కాదు, అందరికంటే కొద్దిమందే అయినా ప్రేమించి తీసుకున్నానని. చాంగీలో కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లకి పెళ్ళి సంబంధంగా చెప్పింది కాదు. పైగా ఆ ఏర్పాటునే గుర్తు చేసి, అందుకే మిమ్మల్ని లెక్క అడుగుతున్నానని ప్రవక్త చేత మందలించిన మాట ఒకటుంది కదా, దాన్ని ఏ కార్డు మీదా అచ్చువెయ్యరెందుకు? నాన్న గ్రేడింగులో ఏరి పక్కన పెట్టిన మేలురకం ఆకే కదమ్మా, ముందు బేలు కట్టలో పడి తొక్కించుకునేది. ఏరుకోవడం అంటే ముద్దుచేయడం కాదని నాకు చిన్నప్పుడే తెలుసు.

ఇదంతా లోపల పెట్టుకుని ఈ నెల పిల్లలకి సండే స్కూలు పాఠం చెప్పాను. పాఠం కూడా ఇశ్రాయేలు పిలుపే వచ్చింది. నీకు ముందు ఇక్కడి ఆచారం ఒకటి చెప్పాలి. హాకరు సెంటరు అని ఉంటుంది, బోలెడు తిండి కొట్లు ఒకే కప్పు కింద. అక్కడ జనం లైనులో నిలబడబోయే ముందు ఖాళీ బల్ల మీద ఒక టిష్యూ పొట్లం పెట్టి వెళ్తారు. అంతే, ఆ బల్ల వాళ్ళదైపోయినట్టే. పళ్ళెం పట్టుకుని ఎంత పెద్దమనిషి వచ్చినా ఆ పొట్లాన్ని చూసి పక్కకి పోతాడు. దాన్ని 'చోప్' చెయ్యడం అంటారు.

దేవుడు ఇశ్రాయేలును ప్రత్యేకించుకున్నాడు అని నేను చెప్పగానే షారన్ చెయ్యెత్తింది. ఇక్కడి పిల్లలు మనం 'కదా' అన్నట్టు మాట చివర 'లా' అంటారు.

"అక్కా, అంటే గాడ్ వాళ్ళని చోప్ చేశాడు లా!"

పిల్లలంతా నవ్వారు. వెనకనుంచి ఒకడు, "టిష్యూ పేకెట్ ఎక్కడ పెట్టాడు?" అన్నాడు.

"సున్నతి లా, సిల్లీ," అంది ఇంకో పిల్ల. నేను దగ్గి, పాఠం ముందుకి లాగాను. షారన్ వదల్లేదు.

"బట్ టేబుల్‌ని ఎవరూ ఆస్క్ చెయ్యరు కదక్కా. వాళ్ళు టేబుల్ కాదు, పీపుల్. గాడ్ వాళ్ళని ఆస్క్ చేశాడా?"

నీ ఒడిలో విన్నదంతా ఒక్కసారి తిరగేసుకున్నాను. అడిగాడు! కొండ దగ్గరికి తెచ్చాక, ఆజ్ఞలు ఇవ్వకముందే, మోషేను కిందికి పంపి వాళ్ళ మాట కనుక్కున్నాడు. జనమంతా ఒక్క గొంతుతో ఒప్పుకున్నాక, మోషే ఆ జవాబు మోసుకుని మళ్ళీ కొండెక్కాడు. సముద్రాన్ని చీల్చినవాడికి వాళ్ళ 'సరే' అవసరమా? అయినా ఆగాడు. ఆ తరవాత దేశంలో కుదురుకున్నాక ముసలి యెహోషువ మళ్ళీ అందరినీ పోగేసి, ఎవరిని సేవిస్తారో ఇవాళ మీరే తేల్చుకోండి అన్నాడు. వాళ్ళు గబగబా సరేనంటే, మీ వల్ల కాదు, ఆలోచించుకోండని వెనక్కి కూడా లాగాడు. పిల్లలకి ఇదే చెప్పాను. "వావ్, సో పొలైట్," అన్నాడు టిష్యూ పొట్లం పిల్లాడు.

అంకులు వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. భోజనాల దగ్గర మొదలుపెట్టాడు.

"ఏమ్మా, కొత్త సిద్ధాంతం మొదలెట్టావా? అబ్రాహాము చేత దేవుడు ఫారం నింపించుకున్నాడా? లెమ్మన్నాడు, లేచాడు."

"మోషే లేవలేదుగా అంకుల్. ఎన్ని సాకులు చెప్పాడు! ఒక్కోదానికీ దేవుడు ఓపిగ్గా జవాబు చెప్పాడు."

"సాకులు చెప్పటంలో నువ్వు మోషేకి అక్కవేనమ్మా," అని నవ్వాడు. తరవాత నవ్వు తీసేసి, "అడుక్కుంటా కూర్చుంటే సేవకి ఒక్కరూ రారు. పిలుపు వచ్చినోళ్ళకి ఇష్టాయిష్టాలు ఉండవు. మీ అమ్మకి తెలుసు ఆ సంగతి," అన్నాడు.

గిన్నెలు కడిగేటప్పుడు సలోమి ఆంటీ కుళాయి పెద్దది చేసి, ఆ చప్పుడులో నా చెవిలో అంది: "నన్ను కూడా మా పెదనాన్న ఇట్టాగే చోప్ చేశాడే అమ్మాయ్. కార్డు కూడా లేదు, దగ్గితే అదే గుర్తన్నాడు." ఇద్దరం నవ్వాం. నవ్వాక ఆవిడ చాలాసేపు అదే గిన్నె తోముతూ ఉండిపోయింది.

ఈ వేళ ఆరాధన అయ్యాక దానియేలు గారికి బస్‌స్టాపు దాకా తోడు వెళ్ళాను. అంకులే పంపాడు, మాట్లాడుకోండని. నేనే అడిగేశాను, "ఇది మీకిష్టమేనా అండీ?" అని.

ఆయన గొడుగు ముడుచుకుని, "నన్ను కూడా ఎవరూ అడగలేదండీ," అన్నాడు.

"మరి చెప్పొచ్చు కదా మీ మావయ్యకి?"

"చదివించిన మనిషి. ఎదురెట్టా చెప్తాం?" అని బస్సు వచ్చే వైపు చూశాడు. "మీరు వద్దంటే బాగుంటుంది."

అదీ ఆయన ధైర్యం! కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. మంచివాడే. ఒకే పళ్ళెంలో పడిన రెండు కార్డులం.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. ఆఫీసుకి దగ్గర్లో విజయవాడ అమ్మాయిలు ఇద్దరు ఫ్లాటు తీసుకుని ఉంటున్నారు. ఒక మంచం ఖాళీ ఉంది. చూసి వచ్చాను. "ఈస్టరు దాకా ఎవరికీ ఇవ్వం, ఏదన్నా వస్తువు పెట్టిపో, అడిగినోళ్ళకి చూపిస్తాం," అన్నారు. సంచీలో చెయ్యి పెడితే టిష్యూ పొట్లం తగిలింది. ఆ మంచం మీద పెట్టి వచ్చాను. అమ్మా, నేను పుట్టాక నా అంతట నేను పట్టుకున్న చోటు అదొక్కటే. రోజూ రైల్లో దాని గురించే ఆలోచిస్తాను, ఎవరైనా తీసి పారేశారేమోనని. ఈ ఇంట్లో ఎవరికీ ఇంకా చెప్పలేదు. చెప్పే ధైర్యం నీ జవాబు మీద ఉంది.

నేను దేవుణ్ణి కాదనడం లేదు. సేవ వద్దనీ అనడం లేదు. ఏమో, ఏదో ఒకనాడు నేనే వెళ్తానేమో. ఇద్దరు బిడ్డలు దక్కకపోతే, మిషను ఆస్పత్రి మంచం మీద నువ్వు హన్నాలా, ఈ బిడ్డ దక్కితే దేవుడికే ఇస్తానని మొక్కుకున్నావు. ఆ కథ నువ్వు చెప్పినప్పుడల్లా నేను ఆవిడ కొడుకు సమూయేలునే అనుకునేదాన్ని. ఇప్పుడు పొద్దుటి రైల్లో మళ్ళీ తలుచుకుంటే ఇంతకుముందు చూడని ఒక సంగతి కనిపించింది. హన్నా బిడ్డను గుడిలో అప్పజెప్పి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తరవాత దేవుడు పిలిచింది తల్లిని కాదు, పిల్లాణ్ణే, పేరు పెట్టి. వాడు పిలిచిందెవరో తెలియక గుడి యాజకుడు ఏలీ దగ్గరికి పరిగెత్తితే, ఆ పెద్దాయన ఏం చేశాడు? వాడి తరఫున తను జవాబు చెప్పలేదు. మళ్ళీ పిలిస్తే నువ్వే పలకమని వెనక్కి పంపాడు.

ఈస్టరుకి అంకులు వస్తాడు. చక్కగా భోజనం పెట్టు, ఆయన మనకు చేసిన మేలుకి చెయ్యెత్తి దండం పెట్టు. మాట అడిగితే మాత్రం, "మా అమ్మాయినే అడగండి" అని చెప్పు. అంతకుమించి ఏమీ వద్దు. నీ మొక్కు తప్పమని అనడం లేదమ్మా. నువ్వు నన్ను ఇచ్చావు. పలకాల్సింది నేను.

జవాబు ఆఫీసు చిరునామాకి రాయి, కవరు వెనక ఉంది. అంకులు చేతికి పచ్చడి ఇవ్వకు, ఆయనకి బరువు. నాన్నకి, పాస్టరుగారికి, అమ్మమ్మకి నా వందనాలు. తమ్ముడికి ముద్దులు. నువ్వు తెల్లవారే చేసుకునే ప్రార్థనలో నా పేరు ఎప్పటిలాగే ముందు పెట్టు, కానీ ఈసారి నాకు ఏం కావాలో దేవుడికి నువ్వు చెప్పకు. నన్ను అడగమను.

నీ కూతురు,
అర్పణ