“ఊ” అనేది మాట కాదు

తమ్ముడూ, మిల్లు గేటు దగ్గర ధర్నాకి వెళ్తున్నాను. సాయంత్రానికి గానీ రాను. నీ గుండె మాత్ర అన్నం గిన్నె మూత మీద పెట్టాను, తినగానే వేసుకో. ఈరోజు జిమ్ము వైపు చూడకు.

డాక్టరమ్మ ఏం చెప్పింది? గుండె తాళం తప్పి కొట్టుకునేవాడు కూడా నడవాలి, కానీ నడుస్తూ నిండుగా ఒక వాక్యం మాట్లాడగలగాలి అంది. మాట తెగితే వేగం తగ్గించమంది. కళ్లు తిరిగినా, ఛాతీ నొప్పెట్టినా అక్కడే ఆగిపొమ్మంది. నువ్వేమో నిన్న మీ బావతో పందెం కట్టి గోడౌన్ మెట్లు పరుగున ఎక్కావు. “బాగానే ఉందా?” అని కింద నుంచి అరిస్తే “ఊ” అన్నావు. మొహం సున్నం కొట్టినట్టుంది, అయినా “మాట్లాడానుగా అక్కా” అని వాదన! ఊ అనేది మాట కాదురా దద్దమ్మా. కథ వినేవాడు కొట్టేది ఊ.

“మగాడివి కాదా” అని రెచ్చగొట్టిన మీ బావని తలుచుకుంటే రోత పుడుతోంది. మిషను వేడెక్కితే మా మిల్లు యజమాని లాంటివాడు కూడా ఆపిస్తాడు. నీ ఒంటికి నువ్వు ఆ మాత్రం మర్యాద ఇవ్వవు. ఛీ.

రేపు పొద్దున నాతో నడువు. మెల్లగా మొదలుపెట్టి, మెల్లగా ఆపుదాం. దారంతా యూనియన్‌ని తిట్టుకో, నేనేమీ అనను.

ఈ చీటీ మీ బావకీ చదివి వినిపించు.

ఇంకోటి. నిన్న ఆ మెట్ల మీద నీ చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడు నాకు నోట మాట రాలేదు. ధర్నాల్లో అంత మంది ముందు మైకు పట్టుకునేదాన్ని నేను. నన్ను మళ్లీ అలా కూర్చోబెట్టకు.