సొరంగం కప్పువి కాని ముక్కలు

జూలై 14, మంగళవారం
ల్యాబు నుంచి

బావగారికి,

మీ మరదలి నమస్కారాలు. మీరూ అక్కా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా కులాసా అని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. మూడు రోజులుగా ఫోనెత్తకుండా ఇంట్లో కూర్చున్నారు కాబట్టి ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఇంకా ‘మీరు’ అని రాస్తున్నానంటే అది అక్కకిచ్చే మర్యాద, మీకు కాదు.

పాటలాయనకి మోకాలి కింద కాలు తీసేశారు. నిన్న ఆసుపత్రికి వెళ్లాను. మాస్కు లోపల కూనిరాగం తీస్తూ సొరంగం కప్పుకి గొట్టంతో కాంక్రీటు చిమ్మే మనిషి, పద్దెనిమిదేళ్లు ఆ గొట్టం పట్టిన మనిషి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాళ్లావిడ నన్ను చూసి, “ల్యాబు అమ్మాయివి నువ్వేగా? ఆ కాంక్రీటు గట్టిగా ఉందని చెప్పింది నువ్వేగా?” అంది. ఏం చెప్పను బావా?

సైటు ఇంజనీరుగా ఈ ప్రమాదం మీద మీరిచ్చిన రిపోర్టు చదివాను. ‘గొట్టం పట్టినవాడి నిర్లక్ష్యం’ అట! రాయడానికి సిగ్గనిపించలేదూ? కప్పులోంచి నీళ్లు కారుతున్నాయి, తడి రాతికి కాంక్రీటు అంటదు, పైపులు పెట్టి నీళ్లు పక్కకి మళ్లించాక కొడదామని ఆయన మీ ముందు మొత్తుకున్నాడట. “గట్టిపడే మందు ఇంకాస్త కలిపి కొట్టవయ్యా, అదే పట్టుకుంటుంది. నాకు పాఠాలు చెప్పకు” అన్నారట మీరు. పట్టుకుంది. పదకొండు రోజులు పట్టుకుంది. ఆ తర్వాత మంచమంత పెచ్చు ఊడి, కింద నిలబడ్డ ఆయన మీదే పడింది.

ఇక నా సంగతి. ఆ కప్పులోంచి కోసినవని మీరు పంపిన గుండ్రటి ముక్కల్ని మిషన్లో పెట్టి నలగ్గొట్టి, బలం సరిపోయిందని సంతకం పెట్టాను. ఎందుకు సరిపోదు? అవి అసలు కప్పువైతే కదా! సొరంగంలో కోసిన ముక్కకి వెనక రాయి అంటుకుని ఉండాలి, కనీసం రాతి గరుకైనా కనిపించాలి. మిగిలిన రెండు ముక్కల్నీ నిన్న తిప్పి చూశాను. వెనక చదునుగా, చెక్క చారలు అచ్చుపడి ఉన్నాయి. పరీక్ష కోసమని బయట ఎండలో చెక్కపెట్టెలోకి కొట్టిన కాంక్రీటు అది. దాన్ని కోసి, మీద సుద్దతో కప్పు నంబరు రాసి పంపారు. దీనికేం తెలుస్తుందిలే అనుకున్నారా, మరదలే కదా నోరెత్తదులే అనుకున్నారా?

కప్పులోంచి ముక్క కొయ్యాలంటే ఒక్క పూట పని ఆగుతుంది. మీ లెక్కలో తవ్వకం నాలుగు మీటర్లు తగ్గుతుంది. ఆ నాలుగు మీటర్ల కోసం ఒక మనిషిని మంచాన పడేశారు. పైగా తప్పు కూడా ఆయన నెత్తినే రుద్దారు!

అక్క ఫోన్ చేసి, “మీ బావ తిండి ముట్టడం లేదే, నువ్వే ఏదో ఒకటి సర్దవే” అని ఏడ్చింది. సర్దడానికి ఇదేమన్నా బట్టల బీరువానా? అదే మాట దానికీ చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఎల్లుండి ప్రమాదం సంగతి విచారించడానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆ రెండు ముక్కలూ నా బల్ల మీదే ఉంటాయి. మీరొచ్చి మీ నోటితో చెప్పండి. రాకపోతే నేనే చెబుతాను.

ఇప్పటికింకా
మీ మరదలు

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. పైన ఒక అబద్ధం రాశాను. ఆ చారలు చూసింది నిన్న కాదు. ముక్కల చివరలు సమంగా కోసేది నేనే, మిషన్లో పెట్టకముందే చూశాను. నెలలు నిండుతున్న అక్క నా కళ్ల ముందు మెదిలింది. మీ ఉద్యోగం పోతే దాని గతేమిటని, ఆ చివరలు కోసి పారేసి సంతకం పెట్టేశాను. ఇవాళ మధ్యాహ్నం ఆసుపత్రికి మళ్లీ వెళ్లి, పాటలాయన భార్యకి ఈ మాట చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. లేచి లోపలికి వెళ్లిపోయింది. ఇన్‌స్పెక్టరుకి ఇచ్చే కాగితం రాసి పెట్టాను. అందులో మొదటి పేరు నాది, రెండోది మీది.