లావణ్య తెచ్చిన పేడపురుగులు

శుక్రవారం, నల్లగండ్ల

జీవులు ఒకదానిమీద ఒకటి ఎలా ఆధారపడతాయో చూపించమంటే ఏడో తరగతి పిల్లలంతా దుకాణంలో కొన్న థర్మకోల్ పులులు, జింకలు తెచ్చారు. పాలుపోసే యాదయ్య కూతురు లావణ్య మాత్రం డబ్బాలో పేడ, దాన్ని మట్టిలో కలిపే పురుగులు తెచ్చింది.

ప్రిన్సిపాల్ ముక్కు మూసుకున్నారు. "ఏందమ్మా ఈ కంపు? పేరెంట్స్ వస్తున్నరు. నీకు మార్కుల్లేవు, పో."

"సార్, పొద్దున మీరు తాగిన చాయ్‌ల పాలు మా బర్రెలవే," అంది లావణ్య.

పిల్లలు నవ్వారు. ఆయన డబ్బాను తన చేత్తోనే చెత్తబుట్టలో పడేశారు. పాఠం చెప్పిన నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది.

ఇప్పుడే మార్కుల పట్టీలో ఆ పిల్లకు ఇరవైకి ఇరవై వేశాను. కొట్టేయాలంటే దాన్నీ ఆయన చేత్తోనే కొట్టేయాలి.