చక్రానికో నిమ్మకాయ

క్వేకర్స్ హిల్

చిరంజీవి విఠల్‌కి పిన్ని దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం. నీ కొండ మీద ఫోను సగం మాట మింగేస్తోంది కనక ఉత్తరమే నయం. మీ కొండ రైలుకి కొత్త కరెంటు ఇంజను వచ్చిందనీ, దాన్ని నడిపించి చూపించే బాధ్యత నీదేననీ మా అమ్మాయి అమూల్య చెప్పింది.

మా వీధిలో ఎవరు కారు కొన్నా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, నేను హారతి ఇచ్చాకే బయటికి తీస్తారు. యోగానంద్ గారబ్బాయి ఒక్కడే "లేటవుతోంది ఆంటీ" అని వెళ్ళిపోయాడు. మొదటి రౌండెబౌట్ దగ్గరే చెత్తబండికి తగిలించాడు. నా హారతి ఇంకా ఆరనేలేదు.

నీకు నాలుగు నిమ్మకాయలు పార్సిల్ చేశాను.

మీ పిన్ని,
జ్ఞానప్రసూన

తా.క. మీది చిన్న పట్టాల రైలట కదా, అంటే పార్కులో పిల్లలు ఎక్కేదేనా? దానికి అంత చదువు దేనికిరా?

---

టాస్మేనియా

పిన్నికి నమస్కారాలు.

నిమ్మకాయలు అందలేదు. ఈ దీవిలోకి బయటి పళ్ళు రానివ్వరు. క్వారంటైన్ వాళ్ళు వాటిని ఉంచేసుకుని నాకు నోటీసు పంపారు.

ఇది పార్కు రైలు కాదు. కొండ మలుపులు తిరగాలి కనక పట్టాల మధ్య దూరం తక్కువ, అంతే. ఇంజను నలభై టన్నులు. పైన తీగ నుంచి కరెంటు తీసుకుని కొండ ఎక్కుతుంది. దిగేటప్పుడు దాని మోటార్లే కరెంటు పుట్టించి తీగకి తిరిగి ఇస్తాయి.

ఈ రైలుని నడిపే కమిటీ వాళ్ళకి కొత్త ఇంజను ఇష్టం లేదు. వాళ్ళకి డోరతీ అని ఒక పాత ఆవిరి ఇంజను ఉంది. దాన్ని తుడిచినంత శ్రద్ధగా ఇళ్ళు కూడా తుడుచుకోరు. నెలాఖరు శనివారం కొత్త ఇంజను నిండు పెట్టెలతో శిఖరం దాకా ఎక్కాలి. ఎక్కకపోతే తయారుచేసినవాళ్ళకి తిప్పి పంపేస్తారు. దానితోపాటు నా ఉద్యోగం, వీసా కూడా పోతాయి. అందుకని పూజల మాట ఎత్తకు.

ఉంటాను,
విఠల్

తా.క. చక్రాలు నాలుగు కాదు, ఎనిమిది.

---

క్వేకర్స్ హిల్

చిరంజీవి విఠల్‌కి,

పూజ వద్దన్నావు. కానీ ఉత్తరం చివర చక్రాలు ఎనిమిది అని సరిదిద్దావు. నిజంగా వద్దనుకునేవాడు లెక్క సరిదిద్దడు. నీకు చిన్నప్పటి నుంచీ మొహమాటం ఎక్కువ. పెళ్ళిళ్ళలో రెండో లడ్డూ కూడా ఇలాగే అడిగేవాడివి.

అందుకని మీ మేనేజరు గ్లెండాకి అమూల్య చేత ఇంగ్లీషులో రాయించాను. బండి మొదటిసారి కదిలేముందు తప్పక చెయ్యాలనీ, చక్రానికో నిమ్మకాయ, తక్కువ కాకూడదనీ వివరంగా రాయించాను. నీకు మాట రాకుండా, నువ్వు అడగలేక బాధపడుతున్నావని చేర్చాను.

ధైర్యంగా ఉండు,
పిన్ని

తా.క. తీసుకున్న కరెంటు తిరిగి ఇచ్చేస్తుందా? బుద్ధిగల ఇంజను. పక్కింటి శ్యామసుందరి నా ఇడ్లీ పాత్ర పట్టుకెళ్ళి రెండేళ్ళయింది.

---

టాస్మేనియా

పిన్నికి,

గ్లెండా నీ ఉత్తరాన్ని భద్రతా నియమం అనుకుంది. "తక్కువ కాకూడదు" అన్నచోట ఎర్ర గీత గీసింది. ఇక్కడ ప్రతి పెరట్లోనూ ఒక నిమ్మచెట్టు ఉంటుంది. కాయలు ఎవరికి అంటగడదామా అని చూస్తుంటారు. కమిటీ అంతా బకెట్లతో వచ్చింది. గుండ్రటి కాయలు పట్టా మీద నిలవడం లేదని సగానికి కోసి, మొదటి మలుపు దాకా బోర్లించుకుంటూ పోయారు.

నేను వద్దన్నాను. గ్లెండా నా భుజం తట్టి, "మీ ఆచారానికి నువ్వు సిగ్గుపడకు మేట్" అంది.

ఇంజను ఆ రసం మీదికి వచ్చాక చక్రాలు తిరిగాయి. ఇంజను కదలలేదు. స్టేషనంతా పులిహోర వాసన. "డోరతీ ఎప్పుడూ ఇలా చెయ్యలేదు" అన్నాడు కమిటీ అధ్యక్షుడు, చాలా సంతోషంగా.

ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదే ఆఖరిది. ఇక ఎవరికీ ఏమీ రాయకు.

విఠల్

తా.క. గుమ్మడికాయ ఏ సైజుది కావాలని గ్లెండా అడుగుతోంది. అది నువ్వు రాయలేదనే అనుకుంటున్నాను.

---

క్వేకర్స్ హిల్

చిరంజీవి విఠల్‌కి,

గుమ్మడికాయ సంగతి రాశాను. కానీ చక్రం కింద అనలేదు.

కాయలు కొయ్యమనీ నేను చెప్పలేదు. అయినా అసలు పొరపాటు అది కాదు. ఇంట్లో పెద్దదాన్ని వదిలేసి కొత్తదానికి చేశారు. అమూల్య కొత్త కారు కొన్నప్పుడు ముందు పాతదానికి బొట్టు పెట్టాకే దీనికి పెట్టాను. ఈసారి ముందు డోరతీకి చెయ్యాలి.

జరిగినదంతా గ్లెండా ముందే నాకు రాసింది కనక, నువ్వు రాయొద్దన్న ఉత్తరం అందేలోపే ఆవిడకి రాసేశాను. జవాబు కూడా వచ్చింది. డోరతీకి మర్యాద అనేసరికి అధ్యక్షుడు కళ్ళు తుడుచుకున్నాడట. మనిషి మంచివాడే.

పిన్ని

తా.క. కోసిన కాయలు పారేస్తారేమోనని ఊరగాయ పెట్టే పద్ధతి రాసి పంపాను. పట్టాల మీద తీసినవి బాగా కడగమని కూడా రాశాను.

---

టాస్మేనియా

పిన్నికి నమస్కారాలు.

చక్రం జారగానే ఇంజను దానంతటదే పట్టు దొరికేలా పట్టా మీద ఇసుక చల్లి, జోరు తగ్గించుకోవాలి. తయారుచేసినవాళ్ళు ఆ ఏర్పాటుని చదును దారికి సరిపోయేలా పెట్టి పంపారు. నిమ్మకాయలు లేకపోతే ఈ సంగతి వానల్లో, తడి యూకలిప్టస్ ఆకుల మీద, లోయ అంచున తెలిసేది. సరిచేశాం.

మొన్న శనివారం, రెండో పరీక్ష రోజున, ముందుగా డోరతీకి దండ వేశారు. కొత్తదానికి పోసినన్ని నిమ్మకాయలు తనదానికీ కావాలని అధ్యక్షుడు పట్టుబట్టాడు. కోసి బోర్లించారు. తనే నడిపాడు. డోరతీ చాలా పొగ వదిలి, మలుపు చేరకుండానే ఆగిపోయింది. పారలతో ఇసుక పోశారు. కదల్లేదు.

దారికి అడ్డంగా అది ఉంటే నా పరీక్ష జరగదు. అందుకని వెనక నుంచి కొత్త ఇంజనుని తీసుకొచ్చి ఆనించాను. అదే రసం మీద, నిండు పెట్టెలు లాగుతూ, డోరతీని నెట్టుకుంటూ శిఖరం దాకా ఎక్కింది. అధ్యక్షుడు దారి పొడుగునా డోరతీలోనే నిలబడ్డాడు. పైన దిగి, పరీక్ష కాగితం మీద సంతకం పెట్టాడు. నా ఉద్యోగం ఖాయమైంది.

బయల్దేరేముందు కొత్తదాని చక్రాల కింద ఎనిమిది కాయలు నేనే పెట్టాను. సరిచేసినదాన్ని అదే పరీక్షతో మళ్ళీ చూడాలి కదా. వేరే కారణం లేదు.

నీ ఆరోగ్యం జాగ్రత్త,
విఠల్

తా.క. మీ పద్ధతిలో ఇంకేమైనా మిగిలిందా అని గ్లెండా నీకు రాస్తానంటోంది. కొబ్బరికాయ మాట ఎత్తకు. ఇంజను అద్దాలు కొత్తవి.