మెట్ల మలుపులో పియానో

మార్చి 3, సోమవారం

ఇల్లు మారుతున్నాను. పియానోతో సహా మారుతున్నాను. పొద్దున కాఫీల దగ్గర చెప్పేశాను. అన్నయ్య పేపర్ మడిచి పక్కన పెట్టాడు, అంతే.

మేనల్లుడికి పెళ్ళి కుదిరింది, నేనుండే మూడో అంతస్తు వాడికి కావాలి. న్యాయమే. నన్ను కింద స్టోర్ రూమ్ పక్క గదిలో ఉండమన్నారు. అందులో మంచం పడుతుంది, పియానో పట్టదు. దాన్ని అమ్మేస్తే సరి అన్నాడు అన్నయ్య. యాభై నాలుగేళ్ళొచ్చాక ఇంకా ఈ టింగుటింగులేమిటట. ఆ టింగుటింగులతోనే ఇరవై ఏడేళ్ళుగా నా తిండి నేను తింటున్నాను. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, పంతొమ్మిది మంది స్టూడెంట్లున్నారు. పియానో పోతే వాళ్ళూ పోతారు. అప్పుడు నిజంగానే అన్నయ్య పంచన పడి ఉండాలి. ఉండను.

రెండు వీధుల అవతల గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్ ఖాయం చేసుకుని వచ్చాను.

మార్చి 5, బుధవారం

పియానోలు మాత్రమే మోసే కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు. పేరు అడగడం మర్చిపోయాను, కొలతలాయన అనుకుందాం. పియానో అడుగు కొలిచి, అంత అట్ట కత్తిరించి, దాన్ని రెండు చేతులా పట్టుకుని ఒక్కో మెట్టే దిగాడు. ప్రతి మలుపులోనూ ఆగి తిప్పి చూశాడు. రెండో అంతస్తులో అద్దెకుంటున్న లెక్కల మాస్టారు తలుపు తీసి, ఈయనకి ఒంట్లో బాగానే ఉందా అని నన్ను అడిగారు.

మాస్టారి గుమ్మం దాటాక వచ్చే మలుపులో అట్ట రెయిలింగ్‌కి తగిలింది. అక్కడి ఇనప స్తంభం ఒక్కటి తీస్తే చాలట. పియానో కింది చక్రాల మీద దొర్లించొద్దని కూడా చెప్పాడు. అవి గదిలో అటూ ఇటూ జరుపుకోవడానికేనట. పదిహేనో తారీకు శనివారం వస్తామన్నాడు.

పియానో పైకెక్కిన రోజుల్లో ఆ రెయిలింగ్ లేదు. అన్నయ్యది ఐరన్ ఫర్నిచర్ షాపు. దాన్ని స్వయంగా తన చేత్తో వెల్డింగ్ చేసుకున్నాడు. స్తంభం మాట ఎత్తగానే గయ్యిమన్నాడు. బీరువాలు మోసే మనుషులు నలుగురు తన దగ్గరుండగా, అట్టముక్క పట్టుకు తిరిగేవాణ్ణి ఇంటికి పిలుస్తావా అని. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. చిన్నప్పట్నుంచీ అంతే.

మార్చి 8, శనివారం

వదిన పాత దుప్పట్లు నాలుగు తెచ్చి పియానో పక్కన పెట్టి వెళ్ళింది.

మార్చి 12, బుధవారం, సాయంత్రం 4

కోపం ఇంకా చల్లారలేదు. అయినా రాస్తాను.

కొత్త పోర్షన్‌కి రంగు వేయిస్తుంటే చూసి వచ్చేసరికి పియానో మలుపులో ఉంది. సరిగ్గా అట్ట తగిలిన చోటే. స్తంభం తీయక్కర్లేదని నాకు చూపించడానికి అన్నయ్య షాపు మనుషుల్ని పిలిపించాడు. చక్రాల మీదే దొర్లించుకొచ్చారు. ఒకటి విరిగింది. ఒక మూల గోడకీ, ఇంకో మూల స్తంభానికీ బిగుసుకుపోయింది. పైకి రాదు, కిందికి పోదు. నలుగురూ చెమటలు తుడుచుకుంటూ మెట్ల మీద కూర్చున్నారు. వాళ్ళని ఏమీ అనబుద్ధి కాలేదు. బీరువాలకి అలవాటుపడ్డ చేతులు, ఏం చేస్తాయి.

అన్నయ్యని మాత్రం నోటికొచ్చినట్టు తిట్టాను. నాకు సాయం చేద్దామనే చేశాడట. నిజమే అయ్యుంటుంది. అందుకే ఇంకా మండింది.

సాయంత్రం 6

వడ్రంగిని పిలిపించాడు. పక్క చెక్క రెండంగుళాలు కోస్తే బయటికొచ్చేస్తుందట. కోసేది పియానోని. రెయిలింగ్‌ని కాదు!

రంపానికీ పియానోకీ మధ్య మెట్టు మీద కూర్చున్నాను.

"ముందు నన్ను కొయ్యమను, అన్నయ్యా."

వడ్రంగి నా భుజం మీదుగా చెయ్యి చాపి ఒక కీ నొక్కాడు. మోగింది. రంపం సంచిలో పెట్టేసుకుని, ఇది తన పని కాదని చెప్పి దిగి వెళ్ళిపోయాడు.

కొలతలాయనకి ఫోన్ చేశాను. శనివారం దాకా రాలేరట. కింద చెక్కముక్కలు దూర్చి కదలకుండా ఉంచమన్నాడు, ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వొద్దన్నాడు. అది నాకొకరు చెప్పాలా.

మార్చి 13, గురువారం

క్లాసులు నేనెందుకు మానాలి? మలుపులోనే పెట్టాను. అదృష్టం, కీబోర్డ్ నా వైపే ఉంది, స్టూల్ పట్టింది. ఒకళ్ళు వాయిస్తుంటే మిగతావాళ్ళు పై మెట్ల మీద వరసగా కూర్చున్నారు. లెక్కల మాస్టారు పొట్ట లోపలికి లాక్కుని అడ్డంగా దాటుతూ, దాటినప్పుడల్లా సారీ చెబుతున్నారు. నాకు కాదు, పియానోకి. స్కేల్స్ ఇల్లంతా మోగాయి. మొదటి అంతస్తులో అన్నయ్య ధడేల్మని తలుపేసుకున్నాడు. ఇంకాస్త గట్టిగా వాయించమన్నాను.

వీధి వీధంతా నవ్వుతోందని వదినతో కబురు పంపాడు. నవ్వనీ అని వదినతోనే తిరుగు కబురు పంపాను. పాపం, ఎక్కి దిగలేక ఆవిడకి ఆయాసం వచ్చింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నాకు ముందు మెట్ల మీద గెలవాల్సి వచ్చింది.

మార్చి 14, శుక్రవారం

భయం లేదని రాస్తే అబద్ధం. రేపు స్తంభం తీయడానికి అన్నయ్య ఒప్పుకోకపోతే నా పని అయిపోయినట్టే.

మార్చి 15, శనివారం

అయిదుగురు వచ్చారు. కొలతలాయన వంగి చూశాడు, లేచాడు, అన్నయ్యతో ఒకే మాట చెప్పాడు. ఈ స్తంభమైనా పోవాలి, ఆ పియానో అయినా పోవాలి, ఏదో మీరే చెప్పండని. అన్నయ్య రెయిలింగ్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తియ్యడు. నేను నోరు తెరిచేలోపు వదిన మాట్లాడింది. ముప్పై ఏళ్ళలో ఆయనకి ఆవిడ ఎదురుచెప్పగా నేను వినలేదు.

"రెయిలింగ్ రేపు అతికించుకోవచ్చు. మనిషిని అతికించుకోలేం. తీసెయ్యండి."

అన్నయ్య చెప్పులేసుకుని బయటికెళ్ళాడు. అయిపోయిందనుకున్నాను. పావుగంటకి షాపు నుంచి కటింగ్ మెషిన్ పట్టుకొచ్చి, తను వెల్డింగ్ చేసిన స్తంభాన్ని తనే కోశాడు. నా వంక చూడలేదు.

తర్వాత అందర్నీ మెట్ల మీంచి పంపేశారు, నన్నే ముందు. సొంతదారు ఎదురుగా ఉంటే మోసేవాళ్ళ చేతులు తడబడతాయట. మూతకి తాళం వేసి, వదిన దుప్పట్లు చుట్టి, చెక్క పలక మీదికెక్కించి బెల్టులతో బిగించారు. కొలతలాయన ఒక్కడి గొంతే వినిపించాలట. వీధిలో నిలబడి విన్నాను. దించు. ఆపు. తిప్పు. ఆపు అన్నప్పుడల్లా నా ఊపిరి కూడా ఆగింది.

గంటలోపు వీధిలో ఉంది. ఒక పక్క గీసుకుపోయింది, ఒక చక్రం లేదు. అయినా నాది. ఏడ్చాను, అందరి ముందూ. అన్నయ్య దగ్గరికొచ్చి, అక్కడి గుమ్మం వెడల్పు కొలిచావా అని అడిగాడు. కొలిచానన్నాను.

మార్చి 19, బుధవారం

పియానో కొత్త గదికి సర్దుకోవాలట, ట్యూనింగ్‌కి మూడు వారాలు ఆగమన్నారు. అపశ్రుతితోనే వాయిస్తున్నాను. కరెంటు మీటరు చూసే అతను వచ్చి, ఇంటావిడ ఉన్నారా అని అడిగాడు. వదినని పిలవడానికి నోరు తెరిచాను. మూసుకున్నాను.

నేనేనండీ, అన్నాను.