చుక్క వెలుతురు, నా లాంతరు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. నువ్వు నేర్పిన అక్షరాలతోనే నీమీద కోపం రాస్తున్నాను, నువ్వు చదవలేవన్న ధైర్యంతో.

నీ తర్వాత నన్నే బావకు కట్టబెట్టారు. నా వంట ఆయనకు నచ్చుతుంది. అయినా పొద్దుగూకగానే తిన్నెమీద కూర్చుని ఆకాశంలో ఒక చుక్కను వెతుక్కుంటాడు. "అదో, మీ అక్క" అంటాడు.

ఇవాళ నీ పేరిట పెట్టిన అన్నానికి కోవిల్‌పట్టి బడి వాద్యారు వచ్చి, సాయంత్రందాకా ఉన్నాడు. బావ ఆయనకూ చుక్కను చూపించాడు.

"అది శానా దూరం. దాని వెలుతురు మనదాకా వచ్చేదానికి ఏండ్లు పడుతుంది" అన్నాడు వాద్యారు.

తలుపు చాటునుంచి ఆగలేకపోయాను. "అదెట్ల వస్తుంది సామీ? విరుదునగరుకు పత్తి బండ్లు పోతే, బండి కింది లాంతరు మా రేగడి చేను దాటకముందే కనపడకుండా పోతుందే!"

నీ వెలుతురు ఆయనదాకా చేరకూడదనే అలా అన్నానక్కా.

వాద్యారు నవ్వాడు. "వస్తుందమ్మా. చుక్క ఆరిపోయినా, అది ముందే వదిలిన వెలుతురు వస్తానే ఉంటుంది."

అప్పుడు బావ మొహం చూడాలి! పెళ్లిపీటలమీద నా పక్కన కూర్చున్న రోజు కూడా అంతగా వెలగలేదు.

వాద్యారు వెళ్లిపోయాక కొత్త చీర కట్టుకుని, లాంతరు వెలిగించి బావ పక్కన పెట్టాను. ఆయన తల తిప్పలేదు.

"ఏమే, ఆ లాంతరు లోపల పెట్టు. చుక్క సరిగా కనపడటం లేదు."

లోపల పెట్టలేదక్కా. వత్తి ఇంకా పెంచాను.