నాన్న తాగుడు

చిరంజీవి చిన్నోడికి, మీ అమ్మ దీవించి రాసేది. "ఇక్కడ అందరం క్షేమం" అని రాసే చోట ఈసారి కలం కాస్త ఆగింది. నా మోకాళ్ళు మామూలే. కుట్టుమిషనూ నేనూ ఒకరినొకరం తిట్టుకుంటూ నెట్టుకొస్తున్నాం. అక్క బేకరీకి వెళ్ళింది, అయిదింటికి వస్తుంది. ఈలోపే ఇది రాసెయ్యాలి.

నువ్వడిగినవాటికి జవాబులు. అవును, అయిదో నెలలో కోడలికి నడుము నొప్పి సహజమే, నీ హడావుడే సహజం కాదు. ఆ పిల్లను మంచం దిగనివ్వడం లేదట! బిడ్డను మోసేది తను, ఆయాసం నీకు. బిడ్డకు గౌను కుట్టమన్నావుగా, మెత్తటి పసుపు రంగు గుడ్డ తీసి ఉంచాను.

ఇక కోడలి ఆసుపత్రిలో నింపమన్న కాగితం సంగతి. బిడ్డ తండ్రి వైపు జబ్బులేమైనా ఉన్నాయా అని అందులో ఉందనీ, "నాన్న తాగి తాగి పోయాడు, అంతేగా, ఇంకేం రాయాలి?" అనీ అడిగావు. ఆ ఒక్కదానికి జవాబు రాయలేక నీ ఉత్తరాన్ని మూడు వారాలు మిషను సొరుగులో దాచాను. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఇరవై మూడేళ్ళుగా నేనున్న చోటు అదే.

మీ నాన్న గడియారాల రిపేరు చేస్తూ ఆవగింజంత మరను కూడా ఒక్క ప్రయత్నంలో బిగించేవారు. ముప్పై ఎనిమిదో ఏట ఆ మరలు చేతిలోంచి ఎగిరిపడటం మొదలైంది. తర్వాత నడక తూలింది, మాట ముద్దయింది, ఊరికే కోపం వచ్చేది. పెద్దాసుపత్రి డాక్టరు కాగితం మీద గుండ్రాలు గీసి చూపించాడు. ఇది వంశంలో దిగే జబ్బు, తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉంటే చాలు, పుట్టే ప్రతి బిడ్డకీ సగం సగం అవకాశం అన్నాడు. ఒక బిడ్డకి వచ్చినంత మాత్రాన ఇంకొకరికి రావాలనీ లేదు, రానంత మాత్రాన ఇంకొకరు తప్పించుకున్నట్టూ కాదు. వైద్యం లేదు. మీ నానమ్మను మతి చెడిందని ఆఖరి ఆరేళ్ళు గదిలో పెట్టి గడియ వేశారు, అదీ ఇదేనట.

తిరిగొస్తూ బస్సులో నాన్న అన్నారు, "పిచ్చి కుటుంబమని పేరు పడితే పిల్లల బతుకులు బజారున పడతాయి. తాగుబోతునంటే ఆ పేరు నాతోనే పోతుంది. అలాగే అనుకోనీ."

నేను ఒప్పుకున్నాను, చిన్నా. ఖాళీ సీసాలు ఏరుకొచ్చి గుమ్మం పక్కన పెట్టింది నేనే. ఆయన చొక్కా మీద బ్రాందీ చిలకరించింది నేనే. నీ పదిహేనో ఏట ఆయన చేతిలోని సీసా లాక్కుని సింకులో ఒంపేసి, "నువ్వు నాకు నాన్నవే కాదు" అని అరిచావు. అందులో ఉన్నది చల్లారిన టీ. నువ్వు వెళ్ళిపోయాక ఆయన, "పోనీలే, వీడు జన్మలో తాగడు" అని నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. ఆయన చివరి రోజుల్లో నువ్వు ఆసుపత్రికి రాకపోయినా నేను నిన్ను ఏమీ అనలేదు. ఏ మొహం పెట్టుకుని అంటాను? జబ్బు పేరు మార్చగలిగాం గానీ జబ్బును మార్చలేకపోయాం.

నీకు ఉందో లేదో నాకు తెలియదు. రక్తపరీక్ష ఉందట. చేయించుకోవడం, మానడం మీ ఇద్దరి ఇష్టం. నీకు లేకపోతే నీ బిడ్డకూ రాదని మాత్రం డాక్టరు గట్టిగా చెప్పాడు.

అక్క సంగతి కూడా రాయాలి. ముత్యాల్లాంటి దస్తూరీ దానిది. నెల రోజులుగా కేకుల మీద పేర్లు రాస్తుంటే అక్షరాలు వంకర పోతున్నాయట. మొన్న మెట్ల మీద తూలింది. కింది వాటా టీచరమ్మ చూసి "ఏమైందమ్మా?" అంటే, తడుముకోకుండా "నిద్ర చాలడం లేదండీ" అనేశాను. అక్క నాకేసి ఒకసారి చూసి లోపలికి వెళ్ళింది. దానికీ ఇప్పుడు ముప్పై ఎనిమిదే. మళ్ళీ అదే అబద్ధంలోకి దిగాను, ఈసారి ఒంటరిగా మోయలేను.

అదిగో, వచ్చేసింది. చేతులు కడుక్కుంటూ, "ఇంత పొడుగు ఉత్తరమా! తమ్ముణ్ణి తిడుతున్నావా ఏంటి?" అంటోంది. దాని కళ్ళలోకి చూసి చెప్పే ధైర్యం నాకు లేదు. నా ఉత్తరాలు పోస్టులో వేసేది ఎప్పుడూ అదే. ఈసారి కవరు అంటించకుండా దాని చేతికిచ్చి, "ముందు నువ్వు చదువు" అంటాను. అంటించాలో చింపాలో అదే చూసుకుంటుంది.

ఇది నీకు అందిందంటే అక్కకి తెలిసిందన్నమాట. వెంటనే బయలుదేరి రా.

ఇట్లు,
నీకు నాన్నను దూరం చేసిన
అమ్మ